ముందే ప్రకటించిన చావు, చుట్టూ కెమెరాలు: సంచలన వార్తలను వ్యంగ్యం ఎలా పట్టి చూపుతుంది

2005 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బేతూల్ జిల్లాలో ఒక వృద్ధ జ్యోతిష్కుడు తాను ఫలానా రోజు, ఫలానా వేళకు చనిపోతానని ప్రకటించాడు. హిందీ వార్తా ఛానళ్ల ఓబీ వ్యాన్లు ఆ పల్లెకు బారులు తీరాయి. చెప్పిన గడియ దగ్గరపడేకొద్దీ ప్రత్యక్ష ప్రసారాల ఊపు పెరిగింది. గడియ దాటిపోయింది, ఆయన మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. ఐదేళ్ల తరువాత, 2010 ఆగస్టులో, అనూషా రిజ్వీ దర్శకత్వం వహించిన 'పీప్లీ లైవ్' సినిమా విడుదలైంది. అందులో అప్పులపాలైన నత్థా అనే రైతు, తాను చనిపోతే ఇంటికి పరిహారం వస్తుందన్న ఆశతో ఆత్మహత్యకు సిద్ధపడ్డాడన్న మాట బయటికి పొక్కుతుంది. ఆ తరువాత ఛానళ్లన్నీ అతని గుమ్మం ముందు మకాం వేస్తాయి.

అంతకు మూడు వందల ఏళ్ల కిందటే, 1708లో, వ్యంగ్యరచయిత జొనాథన్ స్విఫ్ట్ ఐజాక్ బికర్‌స్టాఫ్ అనే మారుపేరు పెట్టుకుని, జాన్ పార్ట్రిడ్జ్ అనే పంచాంగకర్త మార్చి 29 రాత్రి 11 గంటల వేళ జ్వరంతో చనిపోతాడని లండన్‌లో అచ్చువేయించాడు. ఆ తేదీ రాగానే అతను పోయాడంటూ వృత్తాంతమూ, స్మృతిగీతమూ ప్రకటించాడు. తాను బతికే ఉన్నానని పార్ట్రిడ్జ్ మొత్తుకుంటే, ఆ మాట చెల్లదని వాదిస్తూ 1709లో ఇంకో కరపత్రం వేశాడు. ఈ మూడింటిలోనూ చావును ముందే ప్రకటించారు, జనం ఎదురుచూశారు. అయితే స్విఫ్ట్ రాసినదీ, రిజ్వీ తీసినదీ వ్యంగ్యం, బేతూల్‌లో ప్రసారమైనది వార్త. బయటికి ఇంత దగ్గరగా కనిపించే ఈ రెంటినీ వేరుచేసేది ఏమిటన్నది ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎదురవుతున్న ప్రశ్న. వాట్సాప్‌లో వచ్చిన ముక్క నిజమైన బులెటినా, బులెటిన్‌ను వెక్కిరించే వీడియోనా అని తడబడని కుటుంబం ఉండకపోవచ్చు.

సంచలనానికీ అబద్ధానికీ తేడా

సంచలన వార్త అబద్ధమే కానవసరం లేదు. జరిగిన సంఘటన నిజం కావచ్చు, విలేకరి చెప్పిన ప్రతి వాక్యమూ నిజమే కావచ్చు. అయినా ఆ సంఘటనకున్న ప్రాధాన్యానికీ, దాన్ని చెప్పిన గొంతుకూ పొంతన లేకపోతే అది సంచలనం. గోరంతను కొండంత చేయడం ఇందులో అందరికీ తెలిసిన పద్ధతి. తెలియని విషయం చివర ఒక ప్రశ్నార్థకం తగిలించి తెలిసినట్టు ధ్వనింపజేయడం అంతకన్నా నేర్పుగలది. 'ఆ రాత్రి అసలేం జరిగింది?' అని అరగంటసేపు అడిగే కార్యక్రమం ఏమీ చెప్పదు కాబట్టి దాన్ని తప్పుపట్టడం కూడా కష్టం. సమాధానం విరామం తరువాత అని ఊరించడం, ఒకే పది సెకన్ల దృశ్యాన్ని ఎర్రటి వలయం గీసి పదేపదే తిప్పడం, ఏడుస్తున్న మనిషి ముందు మైకు పెట్టి ఎలా ఉందని అడగడం కూడా ఈ కోవలోవే.

దీనికి మూలం విలేకరుల స్వభావంలో కన్నా వ్యాపారం నడిచే తీరులోనే ఎక్కువగా ఉంది. ఇరవై నాలుగు గంటలూ ప్రసారం నింపాలి. స్టూడియోలో నలుగురిని కూర్చోబెట్టి గంటసేపు వాదింపజేయడానికయ్యే ఖర్చు, ఒక విలేకరిని కెమెరామన్‌తో సహా నాలుగు రోజులు జిల్లాలో తిప్పి వార్త సేకరించడానికయ్యే ఖర్చుకు దరిదాపుల్లో కూడా ఉండదు. ప్రకటనల ధరలేమో టీవీ వీక్షకుల సంఖ్యను అంచనా కట్టే బార్క్ సంస్థ ఇచ్చే రేటింగుల మీద ఆధారపడతాయి. రేటింగుల తారుమారు ఆరోపణలను 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు బయటపెట్టాక, వార్తా ఛానళ్ల రేటింగులను బార్క్ ఆపివేసి 2022 మార్చిలో తిరిగి మొదలుపెట్టింది. ఆ మధ్యకాలంలో కూడా స్టూడియోల అరుపులు తగ్గకపోవడం చూస్తే, అంకెల కోసం పట్టిన పద్ధతి అప్పటికే అలవాటుగా స్థిరపడిందని నేను అనుకుంటున్నాను.

సంచలనం వైపు నుంచి వినదగిన వాదన కూడా ఉంది. 2006 జూలైలో హర్యానాలోని కురుక్షేత్ర జిల్లాలో ఐదేళ్ల పిల్లవాడు బోరుగుంతలో పడినప్పుడు ఛానళ్లు రెండు రోజులకు పైగా అదే చూపించాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుంది, సైన్యం ఆ పిల్లవాణ్ని ప్రాణాలతో పైకి తీసింది. అంతవరకు ఎవరికీ పట్టని తెరిచిన బోర్ల ప్రమాదం ఆ ప్రసారంతో అందరి నోటా నలిగింది, వాటిపై సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. గట్టిగా చెప్పకపోతే ఎవరూ వినరని ఛానళ్లవారు అనేటప్పుడు ఇటువంటి సందర్భాలనే చూపిస్తారు, ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేం.

పేరడీ, వ్యంగ్యం, బూటకం: ఎక్కడ విడిపోతాయి

పేరడీ అంటే ఒకరి ధోరణిని అనుకరిస్తూ నవ్వించడం. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి శ్రీశ్రీ కవితలకు పేరడీలు రాసినప్పుడు మూలకవితను చిన్నబుచ్చాలన్న ఉద్దేశం అందులో లేదు. మూలం నోటికి వచ్చినవాళ్లే వాటిని ఎక్కువగా ఆస్వాదించారు. వ్యంగ్యానికి మాత్రం తప్పనిసరిగా ఒక గురి ఉంటుంది, ఒక తప్పును ఎత్తిచూపడమే దాని పని. వార్తల మీద వ్యంగ్యం సాధారణంగా పేరడీని పనిముట్టుగా వాడుకుంటుంది. బులెటిన్ సంగీతం, స్క్రోలింగు, యాంకరు గొంతు, విలేకరి ఒగర్పు అన్నీ ఉన్నవున్నట్టు అరువు తెచ్చుకుని, ఆ హంగులు మోస్తున్న సరుకును మార్చివేస్తుంది.

బూటకపు వార్త కూడా అవే హంగులను అరువు తెచ్చుకుంటుంది. వేరుచేసేది ఉద్దేశమే. బూటకం చెప్పేవాడు తన మాటను మనం చివరిదాకా నమ్మాలని కోరుకుంటాడు. వ్యంగ్యకారుడు తన అబద్ధాన్ని మనం పట్టుకోవాలని కోరుకుంటాడు, అందుకోసం దారిలో గుర్తులు వదులుతాడు. ఆ గుర్తులు ఎంత స్పష్టంగా ఉండాలన్నదే అసలు చిక్కు.

ఒక గేదె, ఒక బస్సు, ఒక స్టూడియో

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఒక మండల కేంద్రం దగ్గర రోడ్డుకు అడ్డంగా గేదె పడుకోవడంతో పల్లెవెలుగు బస్సు పావుగంట ఆలస్యమైంది. వార్తగా చూస్తే ఇది ఒక్క వాక్యం, అదీ ఆ రోజు జిల్లా పేజీలో చోటు మిగిలితే.

ఇదే సంచలనంగా మారితే శీర్షిక 'నడిరోడ్డుపై గేదె.. ప్రయాణికుల గుండెల్లో గుబులు!' అవుతుంది. ఆలస్యం అన్న మాట పోయి ఉత్కంఠ వస్తుంది. పావుగంట అన్న లెక్క మాయమవుతుంది, ఎందుకంటే లెక్క చెబితే గుబులు నిలవదు. బస్సులో నలభైమంది ఉన్నారన్నది నిజమే కాబట్టి, 'నలభై ప్రాణాలు' అన్నా సాంకేతికంగా అబద్ధం కాదు.

వ్యంగ్యకారుడు ఈ శీర్షికను ఖండించడు. దాన్ని నిజమని ఒప్పుకుని ఇంకో నాలుగు అడుగులు ముందుకు నడిపిస్తాడు. తెరను ఆరు గళ్లుగా చీల్చి, ఐదింటిలో నిపుణులను, ఆరోదానిలో కదలని గేదెను పెడతాడు. మూలన 'గేదె లేచేందుకు మిగిలిన సమయం' అంటూ గడియారం తిరుగుతుంటుంది. యాంకరు బల్ల గుద్ది, 'ఈ గేదె వెనుక ఎవరున్నారు? దేశం తెలుసుకోవాలనుకుంటోంది' అంటాడు. గేదె వెనుక దాని దూడ ఉంటుంది. విలేకరి ఒగరుస్తూ గేదె మూతి దగ్గర మైకు పెట్టి, 'ఈ క్షణంలో మీకేమనిపిస్తోందో మా ప్రేక్షకులతో పంచుకోండి' అని ప్రాధేయపడతాడు. గేదె నెమరువేస్తుంది. 'మౌనమే సమాధానమా?' అని స్క్రోలింగు పడుతుంది.

ఇంతవరకు నవ్వించింది అతిశయోక్తి. ఇక్కడ ఆగిపోతే అది బాగా చేసిన మిమిక్రీ మాత్రమే. మంచి వ్యంగ్యం తెర అడుగున, చాలా చిన్న అక్షరాలతో, వేగంగా పరుగెత్తే ఇంకో వరుస పెడుతుంది: 'ఆరు నెలలుగా డాక్టరు లేని మండల ఆసుపత్రి, కాన్పుకు వచ్చినవారు వెనుదిరుగుతున్నారు'. చూసినవాడికి నవ్వు అక్కడ ఆగుతుంది. వ్యంగ్యం వేసే నింద గేదెను చూపినందుకు కాదు, గేదెను చూపడం కోసం ఏది చూపకుండా వదిలేశారో దానికి.

ఛానలే యుద్ధం తెప్పిస్తే

సంచలన వార్తల మీద వచ్చిన టీవీ వ్యంగ్యంలో నేను అన్నిటికన్నా పైన ఉంచేది 1994లో బీబీసీ టూలో ప్రసారమైన 'ది డే టుడే'. క్రిస్ మోరిస్, ఆర్మాండో ఇయనూచి రేడియోలో చేసిన కార్యక్రమం దానికి పునాది. ఆరు భాగాలే వచ్చిన ఆ కార్యక్రమంలో మోరిస్ యాంకరుగా కనిపిస్తాడు. ఒక భాగంలో ఆస్ట్రేలియాకూ హాంకాంగ్‌కూ మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరిందన్న వార్త వస్తుంది. ఇద్దరు ప్రతినిధులూ సంతోషంగా తెర మీదికి వస్తారు. మోరిస్ ఇటు మాట అటు, అటు మాట ఇటు అంటించి ఇద్దరినీ రెచ్చగొట్టి, కొద్ది నిమిషాల్లో ప్రసారం నడుస్తుండగానే యుద్ధం ప్రకటింపజేస్తాడు. ప్రకటన వెలువడగానే యాంకరు ముఖంలో వెలుగు, స్టూడియోలో కొత్త హంగులు, యుద్ధవార్తలకు సర్వం సిద్ధం.

ఇందులో కనిపెట్టవలసిన సంగతి ఒకటుంది. మోరిస్ గొంతులో ఎక్కడా వెకిలితనం లేదు. నిజమైన యాంకరుకుండే గాంభీర్యం, అధికారం, తొణకని ఉచ్చారణ అన్నీ ఉన్నాయి. వెకిలిగా చేసివుంటే ఇది టీవీని వెక్కిరిస్తున్న నటుడని మనం దూరం జరిగేవాళ్లం. గంభీరంగా చేయడంతో ఆ గాంభీర్యం మీదనే మనకు అనుమానం మొదలవుతుంది. వార్తను నమ్మించేది అందులోని సమాచారమా, చదివే తీరా అన్న అనుమానం ఒకసారి మనసులో పడితే, మరునాడు అసలు బులెటిన్ చూసేటప్పుడు కూడా వదలదు.

పీప్లీలో కెమెరాకు ఆనని మనిషి

'పీప్లీ లైవ్' దారి వేరు. అది బులెటిన్‌ను అనుకరించదు, బులెటిన్ తయారయ్యే చోట నిలబడి చూపిస్తుంది. నత్థా బహిర్భూమికి వెళ్లి కనబడకుండా పోయినప్పుడు, అతని మలాన్ని బట్టి అతని మానసిక స్థితిని విశ్లేషించే విలేకరి దృశ్యం ఎక్కువమందికి గుర్తుండిపోయింది. అయితే సినిమా గుండె హోరీ మహతో అనే పాత్రలో ఉంది. బక్కచిక్కిన ఆ మనిషి రోజూ గుంత తవ్వి మట్టి అమ్ముకుంటుంటాడు. నత్థా ఇంటి చుట్టూ జాతర జరుగుతుండగానే, తాను తవ్విన ఆ గుంతలోనే ఒకరోజు చనిపోతాడు. స్థానిక విలేకరి రాకేశ్ దాన్ని చూసి కలవరపడి, ఇతని చావు వార్త కాదా అని ఢిల్లీ నుంచి వచ్చిన ఇంగ్లిషు ఛానల్ విలేకరిని అడుగుతాడు. ఆమె చెడ్డ మనిషి కాదు. కానీ జనానికి కావలసింది నత్థా అన్న లెక్క ఆమెకు తెలుసు.

చనిపోతానన్నవాడు వార్త అయ్యాడు, చనిపోయినవాడు కాలేదు. చనిపోతానన్నదానిలో ఉత్కంఠ ఉంది, రేపటి ప్రసారం ఉంది. చనిపోయినదానిలో ఆ రెండూ లేవు. రైతుల ఆత్మహత్యలను దశాబ్దాలుగా చూస్తున్న తెలంగాణ, రాయలసీమ పాఠకులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్క మరణం మీద రెండు రోజులు హోరెత్తిన ప్రసారాలూ, ఆ తరువాతి వారం అదే మండలంలో ఇంకో మరణం లోపలి పేజీలో ఇరుక్కోవడమూ రెండూ వారికి తెలిసినవే.

నవ్వు ఎవరి మీద పడుతోంది

2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయ్‌లో స్నానపు తొట్టిలో మునిగి మరణించినప్పుడు, హిందీ ఛానళ్లు స్టూడియోలో తొట్టి బొమ్మలు వేసి చర్చలు నడిపాయి. ఒక తెలుగు ఛానల్ విలేకరి స్వయంగా తొట్టిలో పడుకుని చూపించారు. సామాజిక మాధ్యమాల్లో దీనిపై వెల్లువెత్తిన వెక్కిరింపుల్లో రెండు రకాలు కనిపించాయి. మొదటి రకం ఆ విలేకరి చేష్టను, దాన్ని ప్రసారానికి పంపిన డెస్కును గురిపెట్టింది. రెండోది మరణాన్నే హాస్యానికి వాడుకుంది. ఈ రెండో రకం ఛానల్‌ను విమర్శిస్తున్నట్టు కనిపిస్తూనే ఛానల్ చేసిన పనే మళ్లీ చేసింది. ఒక కుటుంబపు దుఃఖాన్ని జనం వినోదం కోసం ఇంకోసారి ముందుకు తెచ్చింది.

గేదె ఉదాహరణ మనల్ని ఇబ్బంది పెట్టకపోవడానికి కారణం అక్కడ గాయపడేవారు లేకపోవడమే. గేదె స్థానంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఉంచి, మైకు ఆమె ముందు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మైకు పట్టినవాడి చెయ్యి మీద దృష్టి నిలిపితే అది వ్యంగ్యం. ఆమె ఏడుపును అనుకరిస్తే అది క్రౌర్యం. మీమ్ పేజీలు నడిపేవారిలో కొందరు ఈ గీతను చక్కగా పాటిస్తున్నారు. బ్రహ్మానందం ముఖకవళికలను యాంకరు అరుపుకు జవాబుగా వాడినప్పుడు నవ్వు నేరుగా యాంకరుకే తగులుతుంది.

గుర్తులు కనబడనప్పుడు

మార్క్ ట్వైన్ 1862లో నెవాడాలోని వర్జీనియా సిటీ పత్రికలో విలేకరిగా ఉండగా, రాయిగా మారిపోయిన మనిషి దొరికాడని ఒక వార్త రాశాడు. అటువంటి వింతల మీద పత్రికలకు అప్పట్లో ఉన్న మోజును వెక్కిరించడం అతని ఉద్దేశం. ఆ రాతిమనిషి కూర్చున్న భంగిమను ముక్కలుముక్కలుగా, అక్కడక్కడా వర్ణించాడు. ముక్కలను కలిపి చూస్తే ఆ మనిషి ఒక కన్ను మూసి, బొటనవేలు ముక్కుకు ఆనించి, వేళ్లు చాపి పాఠకుణ్నే వెక్కిరిస్తున్నాడు. ఎవరూ కలిపి చూడలేదు. ఊరూరా పత్రికలు దాన్ని నిజంగానే పునర్ముద్రించాయి.

నూట యాభై ఏళ్లు గడిచినా పరిస్థితి మారలేదు. 2012లో అమెరికా వ్యంగ్యపత్రిక 'ది ఆనియన్' ఉత్తర కొరియా పాలకుడు కిమ్ జోంగ్ ఉన్‌ను ఆ ఏటి అత్యంత ఆకర్షణీయ పురుషుడిగా ప్రకటిస్తే, చైనా అధికార పత్రిక 'పీపుల్స్ డైలీ' వెబ్‌సైట్ 55 ఫొటోలతో దాన్ని వార్తగా పెట్టింది. ఎదురుచూస్తున్న మాట వినబడితే, ఎవరు చెప్పారన్నది చాలామంది అడగరు.

అమెరికా హాస్యనటుడు స్టీఫెన్ కోల్బేర్ మితవాద (కన్సర్వేటివ్) టీవీ వ్యాఖ్యాత వేషంలో నడిపిన కార్యక్రమం మీద 2009లో వెలువడిన ఒక పరిశోధన ఇంకా లోతైన సంగతి చెప్పింది. ఉదారవాద ప్రేక్షకులూ, మితవాద ప్రేక్షకులూ ఇద్దరూ దాన్ని చూసి నవ్వారు. కానీ అతను హాస్యానికి వేషం వేస్తున్నట్టు నటిస్తున్నాడు తప్ప, చెప్పే మాటలు మనసులోవేనని నమ్మినవారు మితవాదుల్లో ఎక్కువగా తేలారు. అంటే వ్యంగ్యం నవ్వించడంలో గెలిచి కూడా, చెప్పదలచింది చెప్పడంలో ఓడిపోవచ్చు.

వ్యంగ్యం వల్ల ఏమైనా మారుతుందా

ఈ ప్రశ్నకు పరిశోధకులే ఒక మాట మీద లేరు. జాన్ స్టూవర్ట్ నడిపిన అమెరికా వ్యంగ్య వార్తా కార్యక్రమం 'ది డైలీ షో' మీద 2006లో వచ్చిన అధ్యయనం, ఆ కార్యక్రమం చూసిన యువతలో రాజకీయ వ్యవస్థ పట్లా, వార్తామాధ్యమాల పట్లా అపనమ్మకం పెరిగిందనీ, అదే సమయంలో రాజకీయాలు తమకు అర్థమవుతున్నాయన్న ధీమా కూడా పెరిగిందనీ చెప్పింది. అన్నిటినీ నవ్వి వదిలేసే ధోరణి నికార్సైన వార్తను కూడా తుడిచిపెడుతుందని భయపడేవారు దీన్ని చూపిస్తారు. ఎదుటి పక్షానికి 2014 నాటి అధ్యయనం ఉంది. ఎన్నికల నిధుల సమీకరణ గురించి కోల్బేర్ ప్రేక్షకులు సాధారణ వార్తల ప్రేక్షకుల కన్నా ఎక్కువ తెలుసుకున్నారని అది తేల్చింది. అతను 2011లో నిజంగానే ఒక సూపర్ ప్యాక్ (ఎన్నికల ప్రచారం కోసం పరిమితి లేకుండా నిధులు సేకరించే సంస్థ) నెలకొల్పి, అది పనిచేసే తీరును వారాల తరబడి చూపించాడు. ఈ రెంటినీ కలిపి చూస్తే నాకు తోచేది, యాంకరు గొంతును మాత్రమే అనుకరించే వ్యంగ్యం అపనమ్మకాన్ని మిగులుస్తుందనీ, తెర వెనుక యంత్రాన్ని విప్పి చూపే వ్యంగ్యం కొంత జ్ఞానాన్ని కూడా మిగులుస్తుందనీ.

అసలు బులెటిన్లే వ్యంగ్యాన్ని దాటిపోతే ఏం చేయాలన్న చిక్కు కూడా ఉంది. 2016 నవంబరులో కొత్త 2000 రూపాయల నోటులో నానో చిప్ ఉందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహానికి జాడ తెలుస్తుందని కొన్ని హిందీ ఛానళ్లు వివరంగా చెప్పాయి. అటువంటి చిప్ ఏదీ లేదు. దీన్ని అతిశయోక్తితో వెక్కిరించడానికి అక్కడ చోటే మిగల్లేదు. ఇటువంటి సందర్భాల్లో వ్యంగ్యకారులు పెంచడం మానేసి, ఛానళ్ల అసలు దృశ్యాలనే ఒకదాని పక్కన ఒకటి పేర్చి వదిలేస్తున్నారు. తెలుగు యూట్యూబ్‌లో కూడా ఈ పద్ధతి బాగా పెరిగింది.

ముందే చెప్పాలా, వద్దా

ఇంత గందరగోళం ఉన్నప్పుడు ప్రతి వ్యంగ్య వీడియో మీదా 'ఇది వ్యంగ్యం' అని రాస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఫేస్‌బుక్ 2014లో అటువంటి గుర్తును ప్రయోగాత్మకంగా పెట్టి చూసింది. ఇదే వివాదం కోర్టు దాకా కూడా వెళ్లింది. ఒహాయో రాష్ట్రంలోని పార్మా పట్టణంలో ఒక వ్యక్తి స్థానిక పోలీసు శాఖ ఫేస్‌బుక్ పేజీకి పేరడీ పేజీ పెట్టి 2016లో అరెస్టయ్యాడు. విచారణలో నిర్దోషిగా బయటపడి, పోలీసుల మీద దావా వేశాడు. ఆ దావా అమెరికా సుప్రీంకోర్టు గడప తొక్కినప్పుడు, 2022లో 'ది ఆనియన్' అతనికి మద్దతుగా కోర్టులో వాదనపత్రం వేసింది. పాఠకుడు ఒక్క క్షణం నిజమని నమ్మి, ఆ వెంటనే తేరుకోవడంలోనే పేరడీ ప్రాణం ఉందనీ, ముందే ప్రకటించమనడం దాన్ని చంపడమేననీ అందులో వాదించింది. కోర్టు 2023 ఫిబ్రవరిలో ఆ కేసును విచారణకు స్వీకరించలేదు.

ఆ వాదన పత్రిక చదివే పాఠకుడి విషయంలో నాకు సబబుగానే అనిపిస్తుంది. 'ది ఆనియన్' పేరు పైన ఉంటుంది కాబట్టి తేరుకునే వీలు ఆ పేజీలోనే ఉంది. వాట్సాప్‌లో వచ్చే ముప్పై సెకన్ల ముక్కకు పైన పేరూ ఉండదు, కిందా మీదా సందర్భమూ ఉండదు. దాన్ని పంపినది మనం నమ్మే మేనమామో, పక్కింటి మాస్టారో అయివుంటారు. ఇందుకే తెలుగులో వ్యంగ్య వీడియోలు చేసేవారు కొందరు లేబుల్‌ను శీర్షికలో పెట్టకుండా తెరలోపలే, కత్తిరించినా పోని చోట, ఛానల్ పేరునే నవ్వు పుట్టించేలా మార్చి లోగోగా వేస్తున్నారు. అలా చేస్తే నమ్మే ఆ మొదటి క్షణమూ మిగులుతుంది, వీడియో ఎన్ని చేతులు మారినా తేరుకునే ఆధారమూ దానితోపాటే వెళుతుంది.